కదలకుండా ఉండటం కవచం కాదు

వంశపారంపర్యంగా వచ్చే బృహద్ధమని వ్యాధులున్నవారు శరీరాన్ని శ్రమపెట్టకూడదని, ఆటలకూ వ్యాయామానికీ జీవితాంతం దూరంగా ఉండటమే వారికి క్షేమమని చెప్పే అభిప్రాయం వైద్యుల గదుల్లోనూ, రోగుల ఇళ్లలోనూ, పాఠశాలల్లోనూ చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. ధమని కొంత వెడల్పయిందని ఎకో పరీక్షలో తేలిన రోజునే పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఆటల పీరియడు రద్దవుతుంది. ముప్పైయేళ్ల ఉద్యోగి సాయంత్రపు నడక మానేస్తాడు. శస్త్రచికిత్స తర్వాత కోలుకున్న ఇల్లాలిని ఇంటిల్లిపాదీ కలిసి కుర్చీకే పరిమితం చేస్తారు. ఈ నిషేధానికి మూలం ప్రేమా భయమూ తప్ప మరేమీ కాదన్నది నిజమే గానీ, సదుద్దేశం ఉన్నంత మాత్రాన పొరపాటు అభిప్రాయం సరైనదైపోదు. ఈ వ్యాధుల్లో ప్రాణాపాయం వ్యాధిని సకాలంలో గుర్తించకపోవడం వల్లా, రక్తపోటును ఒక్కసారిగా ఎగదోసే కొన్ని ప్రత్యేకమైన శ్రమల వల్లా కలుగుతున్నదే తప్ప సాధారణమైన కదలిక వల్ల కలగడం లేదని, కొలత ప్రకారం చేసే వ్యాయామం ఇక్కడ చికిత్సలో భాగమని, సంపూర్ణ నిషేధం రోగికి మేలుకంటే కీడే ఎక్కువ చేస్తుందని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వాదంలోకి వెళ్లేముందు వ్యాధి స్వరూపం తెలియాలి. గుండె ఎడమ జఠరిక నుంచి బయలుదేరి, ఛాతీలో వంపు తిరిగి, వెన్నెముకను ఆనుకుని పొత్తికడుపు దాకా దిగే అతిపెద్ద రక్తనాళమే బృహద్ధమని. వైద్యులు దీన్నే అయోర్టా అంటారు. దీని గోడలో మూడు పొరలుంటాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ కాస్త సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే గుణం నడిమి పొరలోని సాగే పోగుల వల్ల దానికి అబ్బుతుంది. ఆ పోగులను నిలబెట్టే ఫిబ్రిలిన్ అనే ప్రొటీను జన్యులోపం వల్ల సరిగా తయారుకాకపోతే వచ్చేది మార్ఫాన్ సిండ్రోమ్. పారిస్‌కు చెందిన శిశువైద్యుడు ఆంట్వాన్ మార్ఫాన్ 1896లో ఒక బాలికలో పొడవైన కాళ్లూ చేతులూ వేళ్లూ గమనించి వర్ణించిన లక్షణాలే ఈ పేరుకు మూలం కాగా, దోషి అయిన జన్యువు 1991లో బయటపడింది. లోయిస్-డీట్జ్ సిండ్రోమ్‌లోనూ, రక్తనాళాలను దెబ్బతీసే ఏలర్స్-డాన్లాస్ రకంలోనూ, శరీరంలో మరే లక్షణమూ కనిపించకుండా కేవలం ధమని ఉబ్బుగా తరతరాలకూ సంక్రమించే వ్యాధుల్లోనూ లోపించే ప్రొటీన్లు వేరువేరుగా ఉన్నా, గోడ బలహీనపడటమనే ఫలితం మాత్రం ఒక్కటే. మూడు రేకులు ఉండవలసిన బృహద్ధమని కవాటం రెండే రేకులతో పుట్టినవారిలో కూడా చాలామందికి ధమని క్రమంగా వెడల్పవుతుంది.

బలహీనపడిన గోడ ఏళ్ల తరబడి రక్తం ఒత్తిడికి సాగి ఉబ్బుతుంది. ఒకానొక దశలో లోపలి పొర చిట్లి, రక్తం పొరల మధ్యకు చొరబడి గోడను నిలువునా చీలుస్తుంది. ధమని చీలిక లేదా డిసెక్షన్ అనే ఈ విపత్తు గుండెకు దగ్గరి భాగంలో జరిగినప్పుడు, చికిత్స అందని తొలి గంటల్లో గడిచే ఒక్కో గంటకూ మరణాల శాతం ఒకటి రెండు చొప్పున పెరుగుతుందని వైద్యులు చెబుతారు. మార్ఫాన్ సిండ్రోమ్ సుమారు 5 వేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. 2011 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 8.46 కోట్లున్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఆ నిష్పత్తిని వర్తింపజేస్తే బాధితులు 17 వేలకు చేరువలో ఉంటారు. రెండు రేకుల కవాటం నూటికి ఒకరిద్దరిలో ఉండే లోపం కనుక ఆ సంఖ్య 8 లక్షలకు పైమాటే. కాబట్టి వీరి వ్యాయామం గురించి ఇచ్చే సలహా పది కుటుంబాలతో ముగిసే విషయం కాదు.

ఇక పూర్వపక్షం. నిషేధాన్ని సమర్థించేవారి వాదనకు నాలుగు ఆధారాలున్నాయి. ఈ వ్యాధులున్న క్రీడాకారులు మైదానాల్లోనే కుప్పకూలి మరణించారన్నది మొదటిది. వ్యాయామం ఏదైనా రక్తపోటును పెంచుతుందని, పెరిగిన పోటు బలహీనమైన గోడను చీలుస్తుందని రెండోది. వ్యాయామం మానేస్తే రోగికి పోయేదేమీ లేదని మూడోది. ఏది ఎంతవరకు చేయవచ్చో విడమరచి చెప్పినా సామాన్యులు పాటించలేరు కనుక అన్నిటినీ మాన్పించడమే తేలికైన మార్గమని నాలుగోది. వీటిలో ఏ ఒక్కటీ తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. కానీ పరీక్షించి చూస్తే వీటిలో ఏ ఒక్కటీ సంపూర్ణ నిషేధాన్ని నిలబెట్టజాలదు.

మైదానపు మరణాలలో అందరూ ఉదహరించేది అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ ఉదంతం. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జట్టులో ప్రధాన క్రీడాకారిణి అయిన ఆమె 1986 జనవరి 24న జపాన్‌లోని మత్సుయే నగరంలో లీగ్ పోటీ జరుగుతుండగా కూలిపోయి, 31వ ఏటనే మరణించింది. బృహద్ధమని చీలిందని, దానికి మార్ఫాన్ సిండ్రోమ్ కారణమని శవపరీక్షలో గానీ తెలియలేదు. ఆరున్నర అడుగులకు చేరువైన ఎత్తు, పొడవైన చేతులు ఆమెను అంతర్జాతీయ స్థాయికి చేర్చినప్పటికీ, అన్నేళ్ల క్రీడాజీవితంలో ఆ శరీర నిర్మాణాన్ని చూసి వ్యాధిని అనుమానించిన వారు లేకపోయారు. ఆమె మరణం తర్వాత కుటుంబ సభ్యులను పరీక్షిస్తే సోదరుడికి కూడా అదే వ్యాధి ఉన్నట్టు తేలింది, శస్త్రచికిత్స జరిగింది. ఈ ఉదంతాన్ని నిషేధానికి సాక్ష్యంగా చూపేవారు, గుర్తించని వ్యాధితో, మందులు లేకుండా, ధమని కొలతలు ఎవరూ తీయకుండా, అత్యున్నత స్థాయి పోటీల్లో ఆడిన మనిషిని, వ్యాధి తెలిసి, మందులు వాడుతూ, ఏటా కొలతలు తీయించుకుంటూ అరగంట నడవదలచిన మనిషితో సమానం చేస్తున్నారు. హైమన్ మరణం నుంచి నేర్వవలసిన పాఠం ముందస్తు పరీక్ష అవసరం గురించినది. సోదరుడికి సకాలంలో అందిన వైద్యమే అందుకు ప్రమాణం.

పైగా ఈ చీలికలు మైదానాల్లోనే జరుగుతాయన్న భావన చరిత్రకు విరుద్ధం. 1760 అక్టోబరు 25న బ్రిటన్ రాజు రెండో జార్జి మరణించింది మరుగుదొడ్డిలో. శవపరీక్ష చేసిన రాజవైద్యుడు ఫ్రాంక్ నికల్స్ రాసిన నివేదిక ధమని చీలిక గురించి మొట్టమొదటి స్పష్టమైన వర్ణనల్లో ఒకటిగా వైద్యచరిత్రలో నిలిచింది. అమెరికా రంగస్థల సంగీతకర్త జొనథన్ లార్సన్ 1996 జనవరి 25న 35 ఏళ్ల వయసులో తన ఇంట్లోనే చనిపోయాడు. అంతకు కొద్దిరోజుల ముందు ఛాతీనొప్పితో రెండు ఆసుపత్రులకు వెళ్తే రెండూ చీలికను గుర్తించకుండా తిప్పి పంపాయి, ఆయనకు మార్ఫాన్ సిండ్రోమ్ ఉండి ఉంటుందని నిపుణులు తర్వాత భావించారు. ధమని చీలికలకు శస్త్రచికిత్సలు రూపొందించి, వాటి వర్గీకరణకు తన పేరే స్థిరపడేంత కృషి చేసిన వైద్యుడు మైకేల్ డిబేకీకి స్వయంగా అదే విపత్తు 2005 చివరలో, 97 ఏళ్ల వయసులో, ఇంట్లో ఉపన్యాసం సిద్ధం చేసుకుంటుండగా ఎదురైంది. 1996లో మొదలైన అంతర్జాతీయ ధమని చీలికల రిజిస్ట్రీ వివరాలు చూసినా రోగుల్లో అత్యధికులకు ఉమ్మడిగా కనిపించే అంశం అధిక రక్తపోటు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శస్త్రవైద్యులు చీలిక నుంచి బయటపడినవారిని ప్రశ్నించినప్పుడు, ఆ క్షణానికి ముందు తీవ్రమైన శారీరక శ్రమను గుర్తుచేసుకున్నవారికంటే తీవ్రమైన మానసిక ఉద్వేగాన్ని గుర్తుచేసుకున్నవారే ఎక్కువమంది తేలారు. ఉద్వేగం ప్రమాదకరమని ఏ వైద్యుడూ రోగిని మనుషులతో మాట్లాడవద్దని ఆదేశించడు. శ్రమ విషయంలో మాత్రం ఆ తర్కం ఎందుకు మారిపోవాలో నిషేధవాదులు చెప్పవలసి ఉంది.

రక్తపోటు గురించిన రెండో వాదన పైకి శాస్త్రీయంగా కనిపిస్తుంది కనుక దాన్ని మరింత శ్రద్ధగా పరిశీలించాలి. గోడ మీద పడే బిగువు లోపలి ఒత్తిడినీ నాళం వ్యాసార్థాన్నీ బట్టి పెరుగుతుందని, గోడ మందాన్ని బట్టి తగ్గుతుందని ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ పేరుమీద ఉన్న సూత్రం చెబుతుంది. గాలి కొట్టిన సైకిల్ ట్యూబులో ఒకచోట ఉబ్బు లేస్తే, అక్కడే రబ్బరు పలచబడి అక్కడే మరింత ఉబ్బడానికి కారణం ఇదే. ఒత్తిడి పెరిగితే ప్రమాదం పెరుగుతుందన్నంతవరకు పూర్వపక్షం సరైనదే. అది పొరబడుతున్నది వ్యాయామాలన్నీ ఒత్తిడిని ఒకేలా పెంచుతాయనుకోవడంలో.

శరీరశాస్త్రం వ్యాయామాన్ని రెండు రకాలుగా చూస్తుంది. నడక, తేలికపాటి ఈత, చదునైన దారిలో సైకిలు తొక్కడం వంటి వాటిలో పెద్ద కండరాలు లయబద్ధంగా ముడుచుకుంటూ సాగుతూ ఉంటాయి. ఆ కండరాలకు రక్తం తెచ్చే చిన్న నాళాలు విప్పారుతాయి కాబట్టి గుండె ఎక్కువ రక్తాన్ని పంపుతున్నా రక్తపోటులోని పై సంఖ్య పరిమితంగానే పెరుగుతుంది, కింది సంఖ్య ఇంచుమించు ఉన్నచోటే ఉంటుంది. వీటిని చలన వ్యాయామాలు అంటారు. బరువైన ఇనుమును ఎత్తి పట్టుకోవడం, కదలని వస్తువును తోయడం వంటి స్థిర శ్రమలో బిగుసుకున్న కండరం తనలోని నాళాలనే నొక్కేస్తుంది, మనిషి తెలియకుండానే ఊపిరి బిగబట్టి ముక్కుతాడు, దానితో ఛాతీలోనూ ధమనిలోనూ ఒత్తిడి ఒక్క ఉదుటున లేస్తుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1985లో ప్రచురించిన అధ్యయనంలో, శరీర సౌష్ఠవ సాధకుల చేతి ధమనిలోకి సన్నని గొట్టం చొప్పించి కొలిస్తే, రెండు కాళ్లతో భారాన్ని తోసే వ్యాయామంలో రక్తపోటు సగటున 320/250కి చేరింది. ఒక వ్యక్తిలో అది 480/350ని కూడా దాటింది. ఆరోగ్యవంతుడు వడివడిగా నడిచినప్పుడు ఆ పై సంఖ్య సాధారణంగా 140, 160 ప్రాంతంలో ఉంటుంది. ఈ రెండింటినీ వ్యాయామమనే ఒకే పేరు కింద చేర్చి ఒకే శాసనంతో నిషేధించడం శాస్త్రం అనిపించుకోదు.

నిషేధవాదం మరచిపోతున్న లెక్క ఇంకొకటుంది. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది, కొట్టుకున్న ప్రతిసారీ ధమని గోడ ఆ దెబ్బను తింటుంది. అరగంట నడకలో కాస్త హెచ్చు ఒత్తిడితో తగిలే దెబ్బలు 3 వేలకు అటూ ఇటూగా ఉంటే, మిగిలిన 97 వేల దెబ్బల తీవ్రతను నిర్ణయించేది విశ్రాంతిలోని రక్తపోటు. క్రమబద్ధమైన చలన వ్యాయామం అధిక రక్తపోటు ఉన్నవారిలో ఆ విశ్రాంతి పోటును దాదాపు 5 నుంచి 8 మిల్లీమీటర్ల మేరకు తగ్గిస్తుందన్నది రక్తపోటు చికిత్సా మార్గదర్శకాలు అంగీకరించిన విషయం. ఆ అరగంటను చూసి భయపడి మిగిలిన ఇరవైమూడున్నర గంటలను గాలికి వదిలేయడం ధమనిని కాపాడటం ఎలా అవుతుంది?

మానేస్తే పోయేదేమీ లేదన్న మూడో వాదన అన్నిటికంటే నిరాధారమైనది, అన్నిటికంటే హానికరమైనది కూడా. మార్ఫాన్ రోగులు చనిపోయే సగటు వయసు 32 ఏళ్లని 1972లో ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది. శస్త్రచికిత్సలూ మందులూ మెరుగుపడ్డాక, 1995లో వెలువడిన మరో అధ్యయనంలో రోగుల్లో సగం మంది 72 ఏళ్ల దాకా జీవించే అవకాశముందని తేలింది. నిషేధం అనే సలహా పుట్టింది మొదటి కాలంలో. ఈనాటి రోగులు బతుకుతున్నది రెండో కాలంలో. డెబ్బై ఏళ్లు దాటే ఆయుర్దాయం ఉన్న మనిషిని ఇరవయ్యో ఏటనే కుర్చీకి అతికిస్తే, ఊబకాయం, మధుమేహం, అధిక రక్తపోటు, గుండె రక్తనాళాల పూడిక వంటి నేటి సమాజపు సామాన్య వ్యాధులన్నీ అతణ్ణి వెతుక్కుంటూ వస్తాయి, అప్పటికే బలహీనంగా ఉన్న ధమని మీద వాటి భారం కూడా పడుతుంది. వదులైన కీళ్లూ వంగిన వెన్నూ ఉన్న ఈ రోగులకు కండరాల బలమే ఊతకర్ర. వ్యాయామం మాన్పిస్తే ఆ ఊత కూడా పోయి, నడుంనొప్పీ అలసటా మరింత ముదురుతాయి.

జంతువులపై జరిగిన పరిశోధనలు కూడా నిషేధవాదాన్ని బలపరచడం లేదు. మార్ఫాన్ జన్యులోపం కలిగించిన ఎలుకల మీద అమెరికాలోనూ స్పెయిన్‌లోనూ వేరువేరుగా జరిగిన ప్రయోగాలు 2017లో ప్రచురితమయ్యాయి. మితమైన పరుగు శిక్షణ పొందిన ఎలుకల్లో ధమని వెడల్పవడం, కదలకుండా ఉంచిన ఎలుకలకంటే తక్కువగా ఉందని రెండు బృందాలూ తేల్చాయి. అదే ఏడాది జర్మనీలో 18 మంది మార్ఫాన్ రోగులను మూడు వారాలపాటు పునరావాస కేంద్రంలో ఉంచి పర్యవేక్షణలో వ్యాయామం చేయించిన అధ్యయనం వెలువడింది. వారి దారుఢ్యం, మానసిక స్థితి మెరుగుపడ్డాయి, విపత్తులేవీ జరగలేదు. ఎలుకల ఫలితాలు మనుషులకు యథాతథంగా వర్తించవని, 18 మంది చాలా చిన్న సంఖ్య అని, వ్యాయామం ధమని చీలికలను నివారిస్తుందని నిరూపించే పెద్ద తులనాత్మక పరీక్షలు లేవని నిషేధవాదులు అంటే, ఆ మూడు మాటలూ సత్యమే. అయితే సంపూర్ణ విశ్రాంతి ఎవరి ప్రాణాన్నైనా కాపాడిందని చూపే తులనాత్మక పరీక్ష కూడా లేదు. రుజువుల కొరత ఇరుపక్షాలకూ సమానమైనప్పుడు, తెలిసిన లాభాలున్న మార్గాన్ని జాగ్రత్తలతో అనుసరించడమే వివేకం. రుజువు లేదన్న నెపంతో తెలిసిన నష్టాలున్న మార్గాన్ని ఆజ్ఞగా జారీ చేయడం ఆ వివేకానికి విరుద్ధం.

మనసుకు తగిలే గాయాన్ని కూడా ఈ నష్టాల లెక్కలో చేర్చాలి. మైదానం అంచున ఒంటరిగా కూర్చోబెట్టిన పిల్లవాడు తన శరీరాన్ని శత్రువుగా చూడటం నేర్చుకుంటాడు. చీలిక నుంచి బయటపడిన పెద్దవారిలో అనేకులు వ్యాయామాన్నే కాక దాంపత్య జీవితాన్ని కూడా భయంతో వదులుకుంటున్నారని, కుంగుబాటుకు లోనవుతున్నారని ఈ రోగుల మధ్య జరిగిన సర్వేలు చెబుతున్నాయి. ఈ విషయాన్ని వైద్యుడి ముందు నోరు విప్పి అడగడానికి సంకోచించే తెలుగు సమాజంలో ఆ భయం నాలుగు గోడల మధ్యే ఉండిపోతుంది.

విడమరచి చెబితే జనం పాటించలేరన్న నాలుగో వాదన, నిషేధమైతే సులభంగా పాటించగలరన్న భ్రమ మీద ఆధారపడి ఉంది. వాస్తవంలో నిషేధం ఆటలను మాన్పిస్తుంది, బరువులను మాన్పించదు. సాయంత్రం నడవవద్దన్న సలహాను తూచా తప్పకుండా పాటించే ఇంట్లోనే, 14.2 కిలోల గ్యాసుతో మొత్తం 30 కిలోల దాకా తూగే సిలిండరును అదే రోగి ఊపిరి బిగబట్టి గుమ్మం దాటిస్తాడు, 25 కిలోల బియ్యం బస్తాను భుజానికెత్తుకుంటాడు. మలబద్ధకంతో ముక్కే అలవాటును ఎవరూ అడగరు. పొలంలో మూటలు మోసే కూలీకి వైద్యుడు చెప్పిన వ్యాయామం వద్దన్న మాట తనకు వర్తించదనిపిస్తుంది, ఎందుకంటే అతని దృష్టిలో వ్యాయామం అంటే పట్నంవారు చేసేది. ధమని ఉబ్బు, మార్ఫాన్, ఏలర్స్-డాన్లాస్ ఉన్నవారు సిప్రోఫ్లాక్సాసిన్ వర్గానికి చెందిన యాంటీబయాటిక్కులను మరో మార్గం ఉన్నంతవరకు వాడకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది. మెట్లెక్కడానికి భయపడే మనిషి ఆ మాత్రను మాత్రం మందుల దుకాణంలో చీటీ లేకుండా కొని మింగుతూనే ఉన్నాడు. దేన్ని వద్దంటున్నామో, ఎందుకు వద్దంటున్నామో చెప్పకపోతే నిషేధం గురి తప్పుతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

సంపూర్ణ నిషేధాన్ని ఖండించడమంటే అన్నిటికీ అనుమతి ఇవ్వడమని ఎవరూ పొరబడకూడదు. భారీ బరువులు ఎత్తడం, ఊపిరి ఆగేంతగా దండీలు, బస్కీలు తీయడం, కుస్తీ, కబడ్డీ, బాక్సింగ్ వంటి తాకిడి ఆటలు, ఒక్కసారిగా సర్వశక్తినీ ఒడ్డే పందెపు పరుగులు ఈ రోగులకు తగవు. మార్ఫాన్ రోగుల్లో సగానికి పైగా కంటికటకం పక్కకు జారి ఉంటుంది కనుకా, కృత్రిమ కవాటం అమర్చినవారు రక్తం గడ్డకట్టకుండా మందులు వాడతారు కనుకా దెబ్బలు తగిలే ఆటలు వారికి రెండింతల ప్రమాదం. కర్ణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన నాటి నుంచి ఉత్తరాంధ్ర పల్లెల్లో వెయిట్ లిఫ్టింగ్ ఎందరో యువతకు ఉపాధి మార్గం కూడా అయింది. అటువంటి శిక్షణకు చేరే పిల్లలకు ముందుగా ఒక్క ఎకో పరీక్ష చేయించడం, అవసరమైన వారిని వేరే క్రీడకు మళ్లించడం శిక్షకుల బాధ్యత. కానిస్టేబులు ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగుకూ షాట్‌పుట్‌కూ సిద్ధమయ్యే అభ్యర్థుల విషయంలోనూ అంతే.

ఆట పేరును బట్టి తీర్పు చెప్పడం కూడా చాలదు. క్రీడలను స్థిర, చలన శ్రమల పాళ్లను బట్టి వర్గీకరించిన అమెరికన్ హృద్రోగ నిపుణుల 2015 నాటి పట్టికలో క్రికెట్, యోగా రెండూ అతి తక్కువ శ్రమ గడిలో ఉన్నాయి. కానీ స్నేహితులతో మెత్తని బంతితో ఆడే క్రికెట్ వేరు, పరుగెత్తుకొచ్చి శరీరమంతా విసిరే వేగపు బౌలింగు వేరు. తేలికైన ఆసనాలూ నెమ్మది శ్వాసా వేరు, దీర్ఘమైన కుంభకం, బిగదీసి నిలిపే భంగిమలు వేరు. యోగా కాబట్టి ప్రమాదం లేదన్న నమ్మకం, ఆట కాబట్టి ప్రమాదమన్న నమ్మకం ఒకే రకమైన అజ్ఞానం నుంచి పుట్టాయి.

వ్యాధులు కూడా అన్నీ ఒక్కటి కావు. లోయిస్-డీట్జ్‌లో ధమని మరింత చిన్న కొలత దగ్గరే చీలవచ్చు. రక్తనాళాల ఏలర్స్-డాన్లాస్‌లో ఉబ్బకుండానే నాళాలు తెగవచ్చు. ఈ రెండింటిలో హద్దులు మరింత కఠినంగా ఉండాలి. మార్ఫాన్ రోగులకు ధమని సాధారణంగా 5 సెంటీమీటర్లకు, ఇతర ప్రమాద కారణాలుంటే 4.5కే శస్త్రచికిత్స సూచిస్తారు కనుక ఆ కొలతకు దగ్గరపడిన వారికీ, వెడల్పే లేని వారికీ ఒకే సలహా ఇవ్వడం తగదు. 2020 నాటి యూరోపియన్ హృద్రోగ సంఘం మార్గదర్శకాలు సరిగ్గా ఇలాగే ధమని కొలతనూ వ్యాధి రకాన్నీ కలిపి ప్రమాదాన్ని మెట్లుగా విభజించి, మెట్టుకు తగిన వ్యాయామాన్ని సూచించాయి. అమెరికాలో 2022 నాటి బృహద్ధమని మార్గదర్శకాలు తీవ్రమైన బరువులనూ తాకిడి ఆటలనూ వద్దంటూనే మితమైన చలన వ్యాయామాన్ని ప్రోత్సహించాయి. 2025లో అక్కడి హృద్రోగ సంఘాలు వెలువరించిన ప్రకటన, పోటీ క్రీడల విషయంలో కూడా అర్హుడు, అనర్హుడు అన్న ఏకవాక్య తీర్పుల స్థానంలో రోగీ వైద్యుడూ కుటుంబమూ కలిసి నిర్ణయించుకునే పద్ధతికి మొగ్గింది. 2014లో ఎన్‌బీఏ ఎంపికకు కొద్దిరోజుల ముందు మార్ఫాన్ బయటపడి ఆట ఆగిపోయిన బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు ఐజయా ఆస్టిన్, 2016లో వైద్యుల అనుమతితో తిరిగి ఆడి విదేశీ లీగుల్లో కొనసాగాడు. ఆ మార్గం అందరికీ ఆదర్శం కాదు, చాలామందికి తగదు కూడా. వ్యాధి పేరు ఒక్కటే మనిషి జీవితాన్ని నిర్ణయించరాదన్నంతవరకే అది సాక్ష్యం.

పాటించదగిన సలహా నిజానికి నాలుగు సూచనల్లో ఇమిడిపోతుంది. వారంలో ఎక్కువ రోజులు అరగంట చొప్పున, పక్కవారితో మాట్లాడగలిగినంత వేగంతో నడవాలి లేదా సైకిలు తొక్కాలి. ఈ రోగులు సాధారణంగా వాడే బీటా బ్లాకర్ మందులు నాడిని నెమ్మదింపజేస్తాయి కనుక నాడి లెక్కకంటే ఈ మాటల పరీక్షే నమ్మదగిన కొలమానం. మొదలుపెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ వేగాన్ని క్రమంగా మార్చాలి. ఏ పనిలోనైనా ఊపిరి బిగబట్టి ముక్కవలసి వస్తే ఆ బరువు తన శరీరానికి మించినదని గ్రహించి వదిలేయాలి. ఛాతీలోగానీ వెన్నులోగానీ చీల్చినట్టు నొప్పి హఠాత్తుగా వస్తే అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి వెళ్లి, వ్యాధి పేరు చెప్పి, ధమనికి సి.టి. స్కాన్ చేయమని అడగాలి. నాలుగో తరగతి చదివినవారు కూడా అర్థం చేసుకోగల ఈ మాటలను పాటించలేరని తీర్మానించడం రోగుల తెలివిని కించపరచడమే.

కనుక వైద్యులు వ్యాయామం వద్దు అని రాసే చీటీ స్థానంలో ఏది, ఎంతసేపు, ఎంత తీవ్రతతో చేయాలో, ఏది ఎందుకు చేయకూడదో మందు మోతాదు రాసినంత స్పష్టంగా రాయాలి, ధమని కొలత మారినప్పుడల్లా దాన్ని సవరించాలి. వ్యాయామోపాధ్యాయులు అసాధారణంగా పొడవైన చేతులూ వేళ్లూ, లోపలికో బయటికో పొడుచుకొచ్చిన ఛాతీ ఎముక, వంగిన వెన్ను, దళసరి కళ్లద్దాలు కలిసి ఉన్న విద్యార్థిని జట్టులోకి తీసుకునే ముందు వైద్యుడి దగ్గరకు పంపాలి, వ్యాధి తేలితే అతడికి తగిన ఆటను వెతకాలి తప్ప మూలన కూర్చోబెట్టకూడదు. కుటుంబంలో ఒకరికి మార్ఫాన్ వంటి వ్యాధి తేలితే వారికి పుట్టే ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం కనుక తల్లిదండ్రులూ తోబుట్టువులూ పిల్లలూ అందరూ ఎకో పరీక్ష చేయించుకోవాలి. ధమనిని కాపాడేవి సకాలంలో పరీక్ష, క్రమం తప్పని మందు, అదుపులో ఉన్న రక్తపోటు, అవసరమైన రోజున శస్త్రచికిత్స, మితమైన నిత్య వ్యాయామం. ఈ అయిదింటిలో చివరిదాన్ని తీసేసి దానికి రక్షణ అని పేరు పెట్టే హక్కు ఎవరికీ లేదు.